రొయ్యకు రక్షణ - ఈస్టు, బూజుల మేలు

(మన సంఘ సభ్యుల వాకాడు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రత్యేక సంచిక కోసం ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు రొయ్యల గురించి చెబుతానన్నాను. పెన్షనర్ల సభలో రొయ్యల గొడవ ఏమిటని కొందరు మిత్రులు నవ్వారు. కానీ మన వాకాడు చుట్టుపక్కల, ఇటు తూపిలిపాలెం నుంచి అటు దుగరాజపట్నం దాకా, గుంటలతో సంబంధం లేని పెన్షనరు ఇళ్ళు ఎన్నున్నాయో లెక్కవేసి చూడండి. ఒకరు పొలం లీజుకిచ్చారు. ఒకరు గ్రాట్యుటీ సొమ్ము అల్లుడి గుంటలో పెట్టారు. ఇంకొకరు కొడుకు అప్పుకు హామీ సంతకం చేశారు. గుంటలో రొయ్య తేలితే పల్లెలో మన పరువూ, బ్యాంకులో మన డిపాజిట్టూ దానితోపాటే తేలతాయి. అందుకని ఇది మన విషయమే.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏ కాగితమైనా ఆసాంతం చదవనిదే సంతకానికి పెట్టకూడదన్న అలవాటు మాత్రం పోలేదు. మా తమ్ముడి కుమారుడి గుంటల లెక్కలు నేనే రాస్తాను. ఆ లెక్కల్లో 'ఇమ్యూనిటీ పొడి' అనే ఖర్చు పంట పంటకూ పెరుగుతుంటే అదేమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివిన కుర్రవాళ్ళను అడిగి సందేహాలు తీర్చుకున్నాను. తెలుసుకున్నంతలో మీకు చెబుతాను.

1994 చివర, 1995లో మన తీరాన జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు అందరిదీ టైగర్ రొయ్యే. అంతకు ముందు నాలుగైదేళ్ళు ఆ రొయ్య బంగారం పండించింది. తరువాత తెల్లమచ్చల వ్యాధి వచ్చింది. సాయంత్రం చురుగ్గా మేత తిన్న రొయ్యలు రెండు మూడు రోజుల్లో గట్టు వెంబడి చేరి, పైపెంకు మీద తెల్లటి చుక్కలతో చచ్చి తేలాయి. ఒక గుంటలో మొదలైతే వారం పది రోజుల్లో గుంట ఖాళీ. తూర్పు తీరమంతా అదే కథ. అది వైరస్ అని తెలిసింది గానీ దానికి మందు లేదని కూడా అప్పుడే తెలిసింది. ఈనాటికీ మందు లేదు. 2009లో వనామి రొయ్యకు ప్రభుత్వం అనుమతి ఇచ్చాక, రోగం లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి సీడు తీస్తున్నారు. రోగం లేని తల్లి అంటే రోగం రాని బిడ్డ అని అర్థం కాదు. మన గుంటలో రోగం ఉంటే ఆ సీడుకూ తగులుతుంది.

మందు లేనప్పుడు టీకా వేయవచ్చు గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మన తరం వారందరి భుజాన మశూచి టీకా మచ్చ ఉంది. ఒకసారి టీకా వేస్తే ఒళ్ళు ఆ రోగాన్ని గుర్తుపెట్టుకుంటుంది. దానికి తగిన యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. రొయ్యకు ఆ ఏర్పాటు లేదు. దాని నెత్తురులో యాంటీబాడీలు ఉండవు. మన నెత్తురులో ఇనుము ఉన్నట్లు దాని నెత్తురులో రాగి ఉంటుంది, అందుకే నీలిఛాయగా కనిపిస్తుంది. ఆ నెత్తురులో కొన్ని రక్తకణాలు కాపలా తిరుగుతుంటాయి. పరాయి క్రిమి లోపలికి వస్తే కొన్ని కణాలు దాన్ని మింగేస్తాయి. కొన్ని కణాలు పగిలి, తమలో దాచుకున్న పదార్థాలను వదులుతాయి. అందులో ఒకటి ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. అది పనిచేస్తే మెలనిన్ అనే నల్లటి పదార్థం ఏర్పడి క్రిమిని చుట్టేసి బంధిస్తుంది. రొయ్య పెంకుకు దెబ్బ తగిలిన చోట నల్లమచ్చ పడడం మీరు చూసే ఉంటారు. అది ఈ పనే. ఇదీ రొయ్యకున్న పోలీసు బందోబస్తు. పాత నేరస్థుల రిజిస్టరు లేదు గానీ గస్తీ మాత్రం ఉంది.

ఆ గస్తీని ముందుగానే మేల్కొలపడం ఎట్లా? ఇక్కడే బూజు వస్తుంది.

ఈ సంగతి మొదట బయటపడింది రొయ్యలో కాదు, దానికి బంధువైన మంచినీటి క్రేఫిష్‌లో. ఐరోపా నదుల్లో పందొమ్మిదవ శతాబ్దం రెండో సగం నుంచి క్రేఫిష్‌లను ఒక నీటి బూజు తుడిచిపెట్టింది. 1907లో అది స్వీడన్ చేరింది. ఆ దేశంలోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉన్‌స్టామ్, సోడర్‌హాల్ అనేవారు ఈ బూజును పరిశీలిస్తూ ఒక విశేషం కనిపెట్టి 1977లో ప్రకటించారు. బతికున్న బూజు అక్కరలేదు, దాని కణం గోడలోని ముక్కలు నెత్తురుకు తగిలినా చాలు, క్రేఫిష్ రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది. ఆ ముక్కల్లో ఉన్న ముఖ్య పదార్థం బీటా గ్లూకాన్. అది ఒక రకమైన పిండిపదార్థం, గ్లూకోజు గొలుసు. బూజులు, పుట్టగొడుగులు, ఈస్టు, వీటన్నిటి గోడల్లోనూ ఉంటుంది. జంతువుల ఒంట్లో ఉండదు. అందుకని అది కనిపించగానే, లోపలికి పరాయివాడు వచ్చాడని రొయ్య నెత్తురు గ్రహిస్తుంది.

అంటే దొంగ రాకుండానే దొంగ చెప్పులు చూపించి కాపలావాణ్ణి లేపడమన్నమాట. వాడు లేచి లాంతరు వెలిగించుకుని తిరుగుతుంటాడు. అప్పుడు నిజం దొంగ వస్తే దొరికే అవకాశం ఎక్కువ.

ఈస్టు మనకు కొత్తది కాదు. తాటికల్లు పులిసేది ఈస్టు వల్లనే. దోసెల పిండి పొంగడంలో బ్యాక్టీరియాతోపాటు దానికీ పాలుంది. బేకరీలో బన్ను ఉబ్బేదీ దానితోనే. రొట్టెకూ సారాకూ వాడే ఈస్టు పేరు శాకరోమైసిస్ సెరివిసియే. ఈస్టు కూడా శిలీంధ్ర జాతిదే, ఒక్క కణంతో బతికే శిలీంధ్రం. ఎండబెట్టిన ఈస్టు బరువులో ఇంచుమించు నాలుగోవంతు దాని గోడ. ఆ గోడలో సుమారు సగం గ్లూకాన్. పైపూతగా మాన్నాన్ అనే మరో పదార్థం ఉంటుంది. అంటే నూరు గ్రాముల ఎండు ఈస్టులో పన్నెండు గ్రాముల దాకా గ్లూకాన్ ఉంటుందన్నమాట. అదీ మాన్నాన్ పూత కింద దాగి ఉంటుంది. అందుకే కర్మాగారాల్లో ఈస్టును క్షారంలో ఉడికించి, పైపూత తీసివేసి, గ్లూకాన్‌ను వేరుచేస్తారు. ఈస్టు పొడి, ఈస్టు గోడ పొడి, శుద్ధి చేసిన గ్లూకాన్, ఈ మూడూ మూడు వేర్వేరు సరుకులు. ధరలూ వేరే, మోతాదులూ వేరే. డబ్బా మీద 'ఈస్టు' అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

దీన్ని రొయ్యల మీద ప్రయోగించి చూసినవారిలో జపాన్, తైవాన్ వారు ముందున్నారు. చచ్చిన కొమ్మల మీద చిన్న చిన్న విసనకర్రల్లాగా మొలిచే పుట్టగొడుగు ఒకటుంది, షైజోఫిల్లం దాని పేరు. దాని నుంచి తీసిన గ్లూకాన్‌ను జపాన్ వారు తమ కురుమా రొయ్యకు మేతలో పెట్టి, దాని రక్తకణాలు క్రిములను మింగే శక్తి పెరిగిందని 1994లో తెలిపారు. అదే ఏడు తైవాన్ వారు టైగర్ రొయ్యను ఈస్టు గ్లూకాన్ కలిపిన నీటిలో ముంచి, విబ్రియో బ్యాక్టీరియాను తట్టుకునే శక్తి వచ్చిందన్నారు. ఆ శక్తి శాశ్వతం కాదని, కొద్ది వారాల్లో తగ్గిపోతుందని కూడా చెప్పారు. 2003లో తైవాన్ నుంచే మరో ఫలితం వచ్చింది. గ్లూకాన్ మేత తిన్న టైగర్ రొయ్యలకు తెల్లమచ్చల వైరస్ ఎక్కిస్తే, తినని వాటికన్నా ఎక్కువ బతికాయి. ఎక్కువ బతికాయన్నారే గానీ అన్నీ బతికాయనలేదు. ఆ తేడా మనం మరువరాదు.

మన దేశంలో ఈ పని గట్టిగా చేసింది కొచ్చిన్ విశ్వవిద్యాలయం వారు. వారు సముద్రంలోనే దొరికే ఈస్టులను సేకరించి, కాండిడా సాకే అనే ఈస్టును మన తెల్ల రొయ్య మీద పరీక్షించి 2006లో మంచి ఫలితాలు ప్రకటించారు. 2009లో అదే ఈస్టు నుంచి తీసిన గ్లూకాన్ గురించి వారు చెప్పిన మాట మన రైతుకు అన్నిటికన్నా పనికొచ్చేది. ఎంత పెట్టాలి, ఎన్నాళ్ళకొకసారి పెట్టాలి అని వారు విడివిడిగా చూశారు. మేతలో 0.2 శాతం, అంటే కిలో మేతకు రెండు గ్రాములు, వారానికి ఒకసారి పెట్టినప్పుడు రొయ్యలు వైరస్‌ను బాగా తట్టుకున్నాయి. ఎక్కువ పెడితే ఎక్కువ ఫలితం రాలేదు. రోజూ పెడితే మేలు పెరగలేదు.

ఎందుకు పెరగదు? గస్తీ తిరిగేవాణ్ణి రోజూ అర్ధరాత్రి దొంగ దొంగ అని లేపితే ఏమవుతుంది? పదో రోజున నిజంగా దొంగ వచ్చినా వాడు లేవలేడు. రక్తకణాలు పగిలి పదార్థాలు వదలాలంటే మళ్ళీ కొత్త కణాలు పుట్టాలి. దానికి తిండి కావాలి, వ్యవధి కావాలి. పెరగడానికి పోవలసిన బలం పోరాటానికే ఖర్చయితే కౌంటు రాదు. అతి సర్వత్ర వర్జయేత్ అన్న మాట గుంటలోనూ చెల్లుతుంది. కొచ్చిన్ వారి లెక్క శుద్ధి చేసిన గ్లూకాన్‌కు, వారి తెల్ల రొయ్యకు, వారి తొట్లలో వచ్చిన లెక్క. మన వనామి గుంటలో బజారు పొడికి అదే లెక్క వేయకూడదు. కానీ 'ముందుగా, మితంగా, వ్యవధి ఇచ్చి' అనే సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

పెట్టే పద్ధతిలోనూ మెలకువ ఉంది. పొడి చల్లి మేత విసిరితే సగం నీటిలో కలిసిపోతుంది. జిగురు పదార్థంతో కలిపి, మేతకు పట్టించి, నీడన ఆరబెట్టి వేయాలి. చెక్ ట్రేలో మేత మిగులుతున్న రోజున ఈ పొడి పెట్టడం వృథా. తినని రొయ్యకు పొడి ఎట్లా చేరుతుంది?

ఇక మన గట్ల మీద కనిపించే డ్రమ్ముల సంగతి. తవుడు, బెల్లం, బేకరీ ఈస్టు నీళ్ళలో కలిపి ఒకటి రెండు రోజులు పులియబెట్టి, వడకట్టి గుంటలో పోస్తున్నారు. దాన్నే జ్యూస్ అంటున్నారు. ఇది మంచి పనే. నీటిలో రొయ్యకు పనికివచ్చే సూక్ష్మజీవులు, ప్లవకాలు పెరుగుతాయి. నీటి రంగు నిలుస్తుంది. రొయ్య వాటినీ కొంత తింటుంది. కానీ ఈ జ్యూస్ పోశాం గనుక ఇమ్యూనిటీ మందు వేరే అక్కరలేదనుకోవడమూ, ఇదే ఇమ్యూనిటీ మందు అనుకోవడమూ రెండూ సరికావు. అందులో గ్లూకాన్ ఎంతో కొలిచినవారు లేరు. డ్రమ్ము మూత లేకుండా వదిలి, కుళ్ళు వాసన వచ్చాక పోస్తే మేలు చేసే ఈస్టుకు బదులు కీడు చేసే క్రిములు పోసినట్లే. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లవారుజామున ఏరియేటరు ఆగిన గంటలోనే కథ ముగుస్తుంది.

బూజు మేలు గురించి ఇంతసేపు చెప్పాను. కీడు గురించి చెప్పకపోతే మాట సగమే అవుతుంది.

మొదటిది మేత బస్తాలో పట్టే బూజు. కార్తీక మాసపు వానలకు మన తీరంలో బస్తాలు తేమ లాగుతాయి. వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఉన్న మేతకు యాస్పర్‌జిల్లస్ బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని టర్కీ కోళ్ళు గుంపులుగా చచ్చినప్పుడు ఈ విషం బయటపడింది. రొయ్యలో అది జీర్ణగ్రంథిని పాడుచేస్తుంది, ఉన్న రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. ఒక చేత్తో ఖరీదైన గ్లూకాన్ పెడుతూ మరో చేత్తో బూజు మేత వేస్తే, చిల్లుకుండలో నీళ్ళు పోసినట్లే. బస్తాలు నేలమీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చడం ఏ పొడికన్నా చవకైన రక్షణ.

రెండవది హేచరీల్లో పిల్లలను చంపే లాజినిడియం. ఇదీ నీటి బూజే.

మూడవది ఈ.హెచ్.పి. అని గట్ల మీద అందరూ చెప్పుకునేది. ఇది శిలీంధ్రాలకు దగ్గరి బంధువైన మైక్రోస్పోరీడియా జాతి క్రిమి. థాయిలాండులో టైగర్ రొయ్యలో దీన్ని గుర్తించి 2009లో పేరు పెట్టారు. తరువాత మన వనామి గుంటల్లోకీ వచ్చింది. ఇది తెల్లమచ్చల వ్యాధిలాగా ఒక్కసారి చంపదు. జీర్ణగ్రంథి కణాల్లో కూర్చుని రొయ్య తిన్నది ఒంటికి పట్టనివ్వదు. మేత ఖర్చు నడుస్తూనే ఉంటుంది, రొయ్య ఎదగదు. అప్పు తెచ్చి మేత వేసేవాడికి ఇది మరీ ప్రమాదం. దీని బీజాలు గట్టి పెంకుతో నేలలో నిలిచి ఉంటాయి. పంటకు పంటకు మధ్య గుంట బాగా ఎండబెట్టి, హెక్టారుకు 6 టన్నుల పొడి సున్నం వేసి దున్ని, తడిపి, ఉదజని సూచిక 12 దాకా పోయేట్లు చూడమని థాయి నిపుణులు సలహా ఇచ్చారు. సీడు కొనేముందు పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఈ రెండూ వదిలేసి ఇమ్యూనిటీ పొడి కొనడం తలుపు తీసిపెట్టి కాపలావాడికి జీతం పెంచినట్లు.

ఈస్టుల్లోనూ చెడ్డవి లేకపోలేదు. తైవాన్‌లో మంచినీటి రొయ్యలకు, చైనాలో పీతలకు కొన్ని ఈస్టులు రోగం తెచ్చాయి. గనుక ఎవరో ఇచ్చిన పులుపు మందు, పేరు తెలియని సీసా గుంటలో పోయరాదు.

ఇక అమ్మేవాళ్ళ సంగతి. పేరు చెప్పను. మూడేళ్ళ కిందట మావాడి గుంటలో రొయ్యలు గట్టుకు చేరి, పెంకు మీద చుక్కలు కనిపించాయి. ఒక దుకాణదారు వచ్చి, ఫలానా ఇమ్యూనిటీ పొడి రెట్టింపు మోతాదులో మూడు రోజులు పెడితే నిలబడతాయని చెప్పి ఇరవై డబ్బాలు అంటగట్టిపోయాడు. అప్పటికే రొయ్య మేత ముట్టడం మానేసింది. నాలుగో రోజుకు గుంట పోయింది, బిల్లు మాత్రం నిలబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. రోగం కనిపించాక ఈ పొడికి పనిలేదు. అప్పుడు చేయవలసింది నీరు బయటికి వదలకుండా ఆపి, పక్క గుంటల వారికి చెప్పి, పట్టుబడికి తగిన రొయ్య ఉంటే వెంటనే పట్టేయడం.

అట్లాగని ఈ సరుకంతా మోసమని నేననను. దీని అవసరం ఎక్కడ ఉందో చూడండి. ఒకప్పుడు భయపడి యాంటీబయాటిక్ మందులు గుంటల్లో పోసేవారు. 2002 ప్రాంతంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు దొరికి ఐరోపాలో మన సరుకుకు చిక్కులు వచ్చాయి, వాటిని మన ప్రభుత్వం నిషేధించింది. ఒక్క రైతు వాడినా కంటైనరంతా వెనక్కు వస్తుంది, ధర అందరికీ పడిపోతుంది. ఈస్టు గ్లూకాన్ వల్ల అటువంటి అవశేషాల బెడద లేదు. దాన్ని సరిగా వాడిన రైతు యాంటీబయాటిక్ సీసా వైపు చూడవలసిన అవసరం తగ్గుతుంది. ఆ మేరకు ఇది మన తీరానికంతటికీ మేలు.

అందుచేత మీ ఇంటి కుర్రవాళ్ళు పొడి కొనేముందు మీరు మూడు ప్రశ్నలు అడిగించండి. ఒకటి, ఇది ఏ జీవి నుంచి తీసింది, ఇందులో గ్లూకాన్ ఎంత శాతం? రెండు, కిలో మేతకు ఎన్ని గ్రాములు, ఎన్నాళ్ళకొకసారి, ఎప్పుడు ఆపాలి? మూడు, యాంటీబయాటిక్ కలవలేదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ధ్రువీకరణ ఉందా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబివ్వనివాడి దగ్గర కొనకండి. బ్యాచి నంబరుతో బిల్లు తీసుకోండి.

చివరగా మన వృత్తికి సంబంధించిన మాట ఒకటి. గుంట మీద మనం నిలబడలేము, వల లాగలేము. కానీ రిజిస్టరు రాయడం మనకన్నా బాగా ఎవరికి వచ్చు? ఒక గుంటకు పొడి పెట్టి, అదే రోజు అదే సీడు వదిలిన పక్క గుంటకు పెట్టకుండా చూడమనండి. తేదీ, మేత కిలోలు, పొడి గ్రాములు, చెక్ ట్రేలో మిగిలింది, చచ్చినవి, పట్టుబడి నాటి కౌంటు, ఈ ఆరు గళ్ళు చాలు. నేను మూడు పంటలకు అట్లా రాశాను. రెండు పంటల్లో పొడి పెట్టిన గుంట మెరుగ్గా నిలిచింది. మూడో పంటలో తేడా ఏమీ కనబడలేదు, పొడి ఖర్చు దండగయింది. మూడు పంటలతో ఏదీ తేలదు. మన సభ్యుల ఇళ్ళల్లో పాతికమంది ఇట్లా రాసి, ఏడాదికొకసారి ఈ సంఘం బల్ల మీద పెడితే, ఏ పొడి ఎవరికి పనిచేసిందో ఏ దుకాణదారూ చెప్పలేనంత స్పష్టంగా మనకు తెలుస్తుంది. ఆ రిజిస్టర్లు ముత్తుకూరు కళాశాల వారికి చూపిస్తే వారికీ ఉపయోగం. ఇష్టమున్నవారు సభ ముగిశాక నన్ను కలవండి. గళ్ళు గీసిన నమూనా కాగితాలు తెచ్చాను.